లోపలి చెంగు

కాశీనగర్ సంతలో చేపల వరస దాటి,
ఎండుమిర్చి ఘాటుకి రెండు తుమ్ములు తుమ్మి,
సత్తుగిన్నెల వాడి పక్కకి వస్తే
నీలం టార్పాలిన్ మీద
కుముదిని బెహరా గుట్ట.
స్టీలు డబ్బాలిచ్చి ఊరూరా మార్చుకొచ్చిన పాతగుడ్డలు.
బుధవారం పొద్దున్నే రావాలి.
పది దాటిందా, బొంతలు కుట్టేవాళ్ళు దిగి
నూలంతా ఏరుకుపోతారు.
ఇక మిగిలేది పాలిస్టరూ, ఎండా, నేనూ.

"కేతే?" అంటాను.
"ముప్పై" అంటుంది.
నేను ఒడియాలో అడుగుతాను, ఆమె తెలుగులో చెబుతుంది.
ఎదుటివాళ్ళ భాషలో బేరమాడితే
తిట్టు కూడా సగమే తగులుతుంది.

కొంగు ముడిలో నూట నలభై.
అందులో ఇరవై బస్సుది.
కావలసింది కిటికీకి ఒక తెర, నాకో రవిక,
ముక్క మిగిలితే మిషనుకి ముసుగు.

గుడ్డని కళ్ళతో కొనకూడదు.
ముందు ముక్కుకి చూపించాలి.
కలరా ఉండల వాసనొస్తే పెట్టెలో పడుకున్నది,
పొగ వాసనొస్తే వంటింట్లో తిరిగినది,
ఏ వాసనా రాకపోతే
అడగాల్సిన ప్రశ్నలున్నాయి.

తర్వాత వెలుగుకి ఎత్తి పట్టాలి.
చీర ఎక్కడెక్కడ చస్తుందో నాకు తెలుసు.
నడుము దగ్గర, బిందె ఆనేచోట.
కుచ్చిళ్ళ అడుగున, మడమ తొక్కేచోట.
భుజం మీద, పిన్నీసు రోజూ
అదే కన్నం వెతుక్కునేచోట.
కానీ లోపల దోపుకునే చెంగు,
ఆ మొదటి చుట్టు, ఎండ మొహం ఎరగదు.
ఇరవయ్యేళ్ళకైనా
కొట్టువాడు మడత విప్పిన నాటి రంగే.
నేను డబ్బిచ్చేది ఆ మూరకి.
మిగతా అయిదు గజాలూ కొసరు.

పోగులోంచి ఒక పోగు లాగి
అగ్గిపుల్ల గీస్తాను.
కాగితంలా కాలి బూడిదయితే సరే.
ముడుచుకుని నల్లపూసయిందా,
కుముదిని ఏ దేవుడి మీద ఒట్టేసినా అది నూలు కాదు.

ఈ బుధవారం గుట్ట అడుగున
చూడకముందే చేతికి తెలిసింది.
చేనేత పంచె. ఉతికీ ఉతికీ
చంటిపిల్ల చెవితమ్మెలా అయిపోయింది.
మూలన నల్లజీడి గుర్తు:
మూడు చుక్కలు, ఒక అడ్డగీత, కింద కొక్కెం.
"మరకుంది, పదిహేనుకే తీసుకో" అంది కుముదిని.
మరకే అన్నాను నేను కూడా.
బేరం గెలిచిన మొహం మాత్రం పెట్టలేకపోయాను.

పర్లాకిమిడిలో బస్సు దిగి
నేరుగా తవిటమ్మ గుమ్మానికి నడిచాను.
ఆమెకి ఏ భాష అక్షరాలూ రావు.
ఒక కంట్లో పొర, రెండో కంటికి ఓపిక లేదు.
గుర్తుని చూడలేదు, బొటనవేలితో తడిమింది.
"మా మావ సేతి రాత ఇది.
కొక్కెం ఉందా? అయితే సిన్నింటోలు.
అన్నదమ్ములు పంచుకున్నాక
గుడ్డలు కలిసిపోకుండా ఆ కొక్కెం ఎట్టినాడు."
ఎవరు వాళ్ళు?
"పేరెవులికి గేపకం.
గంజి ఎక్కువ అడిగీవోలు. డబ్బులు మాత్రం
పై నెల, పై నెల."
నవ్వుతుంటే ఒంటి పన్ను కదిలింది.

రాత్రి కరెంటు పోయింది.
కాలి మిషను బెల్టు రెండుసార్లు జారింది.
అడుగు అంచు లోపలికి మడిస్తే
గుర్తు కనిపించదు, తెర తెరలాగే ఉంటుంది.
కొంచెంసేపు కుట్టకుండా కూర్చున్నాను.
తర్వాత బయటికి మడిచి కుట్టాను.
దర్జీ పని తెలిసినవాళ్ళెవరైనా
తిరగేసి కుట్టావంటే, అవును.

రవికకి గుడ్డ దొరకలేదు. వచ్చే వారం చూడాలి.

తవిటమ్మ నిన్న గోడ పట్టుకుంటూ వచ్చింది.
టీ తాగింది, మోకాళ్ళని తిట్టుకుంది,
లేస్తూ లేస్తూ తెర మూల
రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి
"గంజెట్టనేదేటే" అంది.